మీ కారులో ఉన్నది ఎక్స్‌ఎమ్మా, సిరియస్సా? ఫ్యాక్టరీ స్టీరియోలో శాటిలైట్ రేడియో మార్చడం కుదురుతుందా?

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కారు కొన్న మన కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే డౌట్ ఒకటుంది. "అన్నా, స్టీరియో మీద ఎక్స్‌ఎం అని బటన్ ఉంది. నాకు సిరియస్ కావాలి. సెట్టింగ్స్‌లో ఎక్కడ మార్చాలి?" సూటిగా చెప్పేస్తా, అలాంటి ఆప్షన్ ఎక్కడా ఉండదు. "రెండూ ఇప్పుడు ఒకే కంపెనీ కదా?" అని వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. నిజమే. కానీ కలిసింది కంపెనీలు మాత్రమే, మీ డ్యాష్‌బోర్డ్ వెనకున్న చిప్ మారలేదు.

కథ 1997లో మొదలైంది. అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ ఎఫ్‌సీసీ రెండు కంపెనీలకు లైసెన్సులు ఇచ్చింది. ఎక్స్‌ఎం 2001 సెప్టెంబర్‌లో, సిరియస్ 2002లో సర్వీస్ మొదలుపెట్టాయి. 2008 జులైలో విలీనం అయ్యేదాకా రెండూ బద్ధశత్రువులే. కార్ల కంపెనీలను కూడా పంచుకున్నాయి. జనరల్ మోటార్స్, హోండా ఎక్స్‌ఎం వైపు వెళ్తే ఫోర్డ్, క్రైస్లర్, బీఎండబ్ల్యూ సిరియస్ వైపు వెళ్లాయి. అంటే మీరు కారు ఎంచుకున్నప్పుడే రేడియో కూడా ఫిక్స్ అయిపోయిందన్నమాట.

ఇప్పుడు అసలు విషయం, ఒకదాని రిసీవర్ రెండోదాన్ని ఎందుకు పట్టుకోలేదు? ఫ్రీక్వెన్సీలు పక్కపక్కనే ఉంటాయి. సిరియస్‌ది 2320 నుంచి 2332.5 మెగాహెర్ట్జ్, ఎక్స్‌ఎంది అక్కడి నుంచి 2345 వరకు. ఇంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి కారు పైన ఉండే షార్క్ ఫిన్ యాంటెన్నా పెద్ద సమస్య కాదు. తేడా అంతా సిగ్నల్ లోపలే ఉంది. ఎక్స్‌ఎం మొదట్లో రెండు జియోస్టేషనరీ శాటిలైట్లు పెట్టింది. వాటి పేర్లు రాక్, రోల్ (పేర్లు పెట్టినవాళ్లకు ఒక దండం!). సిరియస్ మాత్రం దీర్ఘవృత్తాకార కక్ష్యలో తిరిగే మూడు శాటిలైట్లతో మొదలైంది. ఆడియోను కుదించే కోడెక్‌లు వేరు, సిగ్నల్‌ను ముక్కలు చేసి పంపే పద్ధతి వేరు, చానెళ్లకు వేసే తాళం కూడా వేరు. ఇవన్నీ విప్పే పని ట్యూనర్ చిప్‌ది. దానికి ఒక భాషే వచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో రెండో భాష నేర్పలేం.

రెండిటికీ ఉమ్మడిగా ఉన్న ఒక ట్రిక్ మాత్రం నాకు చాలా ఇష్టం. అదే ప్రోగ్రామ్‌ను రెండు దారుల్లో పంపుతూ, ఒకదాన్ని దాదాపు 4 సెకన్లు ఆలస్యంగా పంపుతారు. కారు బ్రిడ్జి కిందికి వెళ్లినప్పుడు ఒక కాపీ తెగినా, రెండోది ఆ ఖాళీని పూడుస్తుంది. పాట ఆగదు. ఎత్తైన బిల్డింగులుండే సిటీల్లో శాటిలైట్ కనపడదు కాబట్టి అక్కడ నేల మీద రిపీటర్లు పెట్టారు.

మన ఇండియాలో వరల్డ్‌స్పేస్ ఉండేది, గుర్తుందా? తెలుగు చానెల్ 'స్పందన' కూడా అందులో వచ్చేది. 2009 చివర్లో అది ఇక్కడ మూతపడింది. అది పూర్తిగా వేరే బ్యాండ్, వేరే శాటిలైట్. కాబట్టి ఆ పాత సెట్టు ఎవరింట్లోనైనా ఉంటే దానికీ దీనికీ సంబంధం లేదు.

మీ కారులో ఏముందో తెలుసుకోవడం ఈజీ. శాటిలైట్ మోడ్‌లో చానెల్ 0కి వెళ్లండి. చాలా స్టీరియోల్లో రేడియో ఐడీ కనిపిస్తుంది. పాత సెట్లలో 8 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటే ఎక్స్‌ఎం, 12 అంకెలుంటే సిరియస్. సబ్‌స్క్రిప్షన్ ఈ ఐడీకే అతుక్కుని ఉంటుంది. కారు అమ్మినాయన డబ్బు కట్టి ఉన్నా, ఆ ప్లాన్ మీ సొంతం అయిపోదు.

సరే, అయినా మార్చాల్సిందే అంటారా? ముందు ఎందుకో ఆలోచించండి. ఒకప్పుడు హోవార్డ్ స్టెర్న్ షో కావాలంటే సిరియస్, బేస్‌బాల్ కావాలంటే ఎక్స్‌ఎం కొనాల్సి వచ్చేది. విలీనం తర్వాత చాలా చానెళ్లు రెండిట్లోనూ వస్తున్నాయి. మీకు కావాల్సిన ఒక్క చానెల్ కోసమైతే హార్డ్‌వేర్ జోలికి వెళ్లే ముందు మీ ప్లాన్‌లో అది ఉందో లేదో చూడండి. ప్లాన్ మారిస్తే సరిపోయే పనికి డ్యాష్‌బోర్డ్ విప్పడం దండగ.

హార్డ్‌వేరే మార్చాలంటే, కొన్ని పాత కార్లలో ట్యూనర్ స్టీరియోలో భాగంగా కాకుండా విడి డబ్బాగా ఉంటుంది. అలాంటివాటిలో మాత్రమే ఆశ ఉంది. అప్పుడు కూడా కొత్త డబ్బా మాట్లాడే డేటా భాష మీ స్టీరియోకు అర్థం కావాలి. ప్లగ్ సరిపోయినంత మాత్రాన పని అవ్వదు. మీ మోడల్, మీ సంవత్సరం పేరుతో ఇంటర్‌ఫేస్ దొరికితేనే కొనండి, "యూనివర్సల్" అని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. ట్యూనర్ స్టీరియోలోనే కలిసిపోయి ఉంటే మొత్తం యూనిట్ మార్చడమే దారి. అప్పుడు స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా, కొన్నిసార్లు ఏసీ డిస్‌ప్లే కూడా అడాప్టర్ల మీద ఆధారపడతాయి. ఒక రేడియో చానెల్ కోసం ఇంత రిస్క్ నేనైతే తీసుకోను.

నా ఓటు ఫోన్‌కే. సిరియస్ ఎక్స్‌ఎం యాప్‌ను బ్లూటూత్ లేదా ఆక్స్ కేబుల్‌తో పెడితే చిప్ గొడవే ఉండదు. కాకపోతే డేటా ఖర్చవుతుంది, సెల్ సిగ్నల్ లేని హైవేలో ఆగిపోతుంది. టెక్సాస్ నుంచి అరిజోనా దాకా ఎడారి రోడ్డులో డ్రైవ్ చేసేవాళ్లకు ఫ్యాక్టరీలో వచ్చిన శాటిలైట్ ట్యూనరే బెస్ట్, అది ఏ కంపెనీదైనా సరే. కొత్త కార్లలో వస్తున్న 360ఎల్ సిస్టమ్ శాటిలైట్‌నూ ఇంటర్నెట్‌నూ కలిపి వాడుతుంది కాబట్టి ఈ తలనొప్పి చాలావరకు తగ్గింది.

యాక్టివేట్ చేసేటప్పుడు కారును గ్యారేజీలోంచి బయటికి తెచ్చి, ఆకాశం బాగా కనపడే చోట ఆపి, రేడియో ఆన్‌లో ఉంచి రిఫ్రెష్ సిగ్నల్ పంపించుకోండి. ట్రయల్ తీసుకుంటే అది ముగిసే తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. కార్డు వివరాలు ఇచ్చి ఉంటే ఆ మర్నాటి నుంచి ఫుల్ రేటు పడే అవకాశం ఉంది.