నికోబార్ అడవిలో ఏకాకి వృక్షం

రాజధానిలో నికోబార్ దీవుల ప్రసక్తి వచ్చినప్పుడల్లా రేవుల గురించి, విమానాశ్రయాల గురించి, నౌకాదళ అవసరాల గురించి చర్చ జరుగుతుంది. అక్కడి అడవిలో పెరిగే ఒక చెట్టు ఏ కుటుంబానికి చెందినదన్న ప్రశ్నను లేవనెత్తేవారు అరుదు. అయినా అది ఉపేక్షింపదగిన ప్రశ్న కాదు.

ఆ చెట్టు నికోబార్ దీవులలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1980వ దశకం మధ్యలో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రజ్ఞులు ఎం.కె. వాసుదేవరావు, టి. చక్రబర్తి దానిని తొలిసారిగా వర్ణించారు. అంతవరకు తెలిసిన ఏ ప్రజాతిలోనూ అది ఇమడనందున 'నికోబారియోడెండ్రాన్' అనే కొత్త ప్రజాతిని నెలకొల్పారు. గ్రీకు భాషలో 'డెండ్రాన్' అంటే చెట్టు. ఈ ప్రజాతిలో ఉన్నది 'స్లూమెరి' అనే ఒకే ఒక జాతి. వృక్షశాస్త్రవేత్త హెర్మన్ స్లూమర్ గౌరవార్థం దానికా పేరు పెట్టారు.

వర్గీకరణ అంటే మొక్కల మధ్య బంధుత్వాన్ని నిర్ణయించడమే. పువ్వులోని కేసరాలు, అండాశయపు గదులు, కాయ నిర్మాణం ఇందుకు పూర్వంనుంచీ ఆధారాలు. ఇటీవలి దశాబ్దాలలో డి.ఎన్.ఎ. సాక్ష్యం తోడైనది. ఈ చెట్టును సెలాస్ట్రేసి కుటుంబంలో చేర్చారు. ఆయుర్వేదం ఎరిగిన జ్యోతిష్మతి తీగ కూడా ఆ కుటుంబానిదే. అయితే పుష్పించే మొక్కల వర్గీకరణలో ప్రామాణికమని పేరొందిన 'ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్' 2009లో ప్రకటించిన పట్టికలో ఇది స్థానం నిశ్చయం కానివాటి సరసన కనబడింది. సముద్రం చుట్టుముట్టిన నేలపై తరతరాలుగా ఏకాంతంగా పరిణమించిన మొక్కలు దగ్గరి బంధువులతోనైనా పోలిక కోల్పోవడం కద్దు.

గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, పట్టణం నిర్మించే ప్రాజెక్టుకు కేంద్రం 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చింది. ఇందుకోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీభూమిని మళ్లించవలసి ఉన్నది. ప్రత్యామ్నాయ వనీకరణకు హర్యానా భూములను ప్రతిపాదించారు. హెక్టార్ల లెక్క అక్కడ సరిపోవచ్చును. కాని నికోబార్ తేమ అడవిలో పుట్టిన జాతులు ఆరావళి మెట్టనేలలో మొలకెత్తవు. ఏకజాతి ప్రజాతి విషయంలో నష్టం మరీ పెద్దది. ఆ ఒక్క జాతి అంతరిస్తే ప్రజాతియే అంతరిస్తుంది.

దేశరక్షణ అవసరాలను ఎవరూ కాదనరు. అయితే గొడ్డలి పడకముందే ఏ చెట్టు ఎక్కడ ఎన్ని ఉన్నవో లెక్కించడం, వాటి పువ్వులను, కాయలను, డి.ఎన్.ఎ. పరీక్షకు ఆకులను సేకరించడం, అరుదైనవి ఉన్నచోట హద్దులు మార్చడం ప్రభుత్వానికి అసాధ్యం కాదు. ఆ పనికి కావలసిన శాస్త్రజ్ఞులు ప్రభుత్వ సంస్థలోనే ఉన్నారు.