మణికట్టు మీద గుండె లెక్క

2024 ఏప్రిల్‌లో ఢిల్లీకి చెందిన ఒక మహిళ సంగతి పత్రికల్లో వచ్చింది. ఒంట్లో దడగా అనిపించి ఆమె చేతి వాచీ చూసుకుంటే, గుండె వేగం నిమిషానికి 230 దాటి కనిపించింది. కాసేపు చూసినా తగ్గలేదు. ఆసుపత్రికి వెళితే గుండె లయ తప్పిందని తేల్చారు. డాక్టర్లు కరెంటు షాకులిచ్చి దాన్ని దారికి తెచ్చారు.

అలాంటి వాచీలే అదే నగరంలో చలికాలపు ఉదయాన మెల్లగా పరుగెత్తుతున్న ఆరోగ్యవంతుడికి 170 చూపించి గాభరా పెడుతుంటాయి. ఆగి నాడి పట్టుకుని చూసుకుంటే 120 కూడా ఉండదు. ఒకచోట ప్రాణం కాపాడిన పరికరం ఇంకోచోట ఎందుకు పొరబడుతుంది? అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే, దాన్ని ఎప్పుడు నమ్మాలో కూడా తెలుస్తుంది.

ఈ వాచీలు ఇప్పుడు సామాన్యుడి చేతికి వచ్చేశాయి. నాయిస్ లాంటి దేశీయ కంపెనీ గురుగ్రామ్ నుంచే పనిచేస్తోంది. 2022 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ప్రపంచంలోకెల్లా పెద్ద స్మార్ట్‌వాచ్ మార్కెట్ మనదేనని కౌంటర్‌పాయింట్ సంస్థ లెక్కగట్టింది.

వాచీని తిప్పి చూస్తే అడుగున ఆకుపచ్చ లైటు మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. ఎర్రటి రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది సన్నని నాళాల్లోకి రక్తం ఎక్కువగా వస్తుంది, వెనక్కి తిరిగొచ్చే కాంతి ఆ మేరకు తగ్గుతుంది. పక్కనే ఉన్న సెన్సర్ ఈ హెచ్చుతగ్గులను పట్టుకుని నిమిషానికి ఎన్నో లెక్క కడుతుంది. అంటే వాచీ నేరుగా గుండెను చూడదు. గుండె పంపిన రక్తం మణికట్టు దగ్గర ఎలా కదులుతోందో చూస్తుంది. కొన్ని వాచీల్లో వేలు ఆనించి తీసే ఈసీజీ వేరే పద్ధతి, అది విద్యుత్ సంకేతాన్ని కొలుస్తుంది.

కాంతితో లెక్క కాబట్టి, కాంతికీ రక్తానికీ మధ్య ఏది అడ్డొచ్చినా లెక్క తప్పుతుంది. ఢిల్లీలో మొదటి అడ్డంకి చలి. 2021 జనవరి 1న సఫ్దర్‌జంగ్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలకు పడిపోయింది. అంత చలిలో ఒంట్లో వేడి బయటికి పోకుండా చేతుల్లోని సన్నని నాళాలు ముడుచుకుపోతాయి. రక్తం తగ్గితే సంకేతం బలహీనపడుతుంది. లోధీ గార్డెన్‌లోనో నెహ్రూ పార్కులోనో తెల్లవారుజామున నడిచేవాళ్లు ఇంట్లోనే పది నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదిలి, ఆ తర్వాత బయటికి రావడం మంచిది. స్వెట్టర్ చేయి వాచీ అడుగుకు జారకుండా చూసుకోవాలి, వాచీ నేరుగా చర్మానికే ఆనాలి.

రెండోది వదులు పట్టీ. చాలామంది వాచీని సరిగ్గా మణికట్టు ఎముక మీద, గాజులా అటూ ఇటూ తిరిగేలా పెట్టుకుంటారు. సందులోంచి బయటి వెలుతురు దూరుతుంది, సెన్సర్ కదులుతుంది. వ్యాయామం చేసేటప్పుడు ఎముకకు రెండు వేళ్ల పైన, మోచేతి వైపుగా పెట్టుకుని పట్టీని ఒక రంధ్రం బిగించాలి. వాచీ జారకూడదు, అలాగని చెయ్యి తిమ్మిరెక్కనూ కూడదు. వ్యాయామం అయ్యాక వదులు చేసి, చెమట తుడిచి, అడుగుభాగాన్ని శుభ్రం చేయాలి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది అడుగుల లయ. పరుగులో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు పడతాయి. చెయ్యి కూడా అదే లయలో ఊగుతుంటే వాచీ ఆ ఊపునే గుండె చప్పుడుగా పొరబడుతుంది. మెల్లని పరుగులో కనిపించే 170 వెనుక తరచూ ఉండేది ఇదే. అనుమానం వస్తే ఆగి, చెయ్యి కదపకుండా అర నిమిషం ఉంచితే అంకె సర్దుకుంటుంది. జిమ్‌లో బరువులు పట్టుకున్నప్పుడు, గతుకుల రోడ్డు మీద సైకిల్ హ్యాండిల్ బిగించినప్పుడు కూడా మణికట్టు కండరాలు కదిలి లెక్క చెదురుతుంది.

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 53 మంది మీద చేసిన పరీక్షల ఫలితాలు 2020లో వచ్చాయి. విశ్రాంతిగా ఉన్నప్పటికన్నా కదులుతున్నప్పుడు వాచీల తప్పు సగటున 30 శాతం ఎక్కువని తేలింది. చర్మం రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా మాత్రం వాళ్లకు కనిపించలేదు. అయితే మణికట్టు మీద ముదురు రంగు పచ్చబొట్టు ఉంటే వాచీని రెండో చేతికి మార్చుకోవాలి. క్యాలరీల లెక్క మరీ కచ్చితం అనుకోవద్దు. 2017 స్టాన్‌ఫర్డ్ పరీక్షలో ఏడు పరికరాల్లో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. క్యాలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా 27 శాతం తప్పింది.

కొలత వింతగా ఉంటే మరో కొలతతో సరిచూడాలన్న పాఠం ఢిల్లీకి తెలిసిందే. 2024 మే 29న ముంగేశ్‌పూర్‌లో 52.9 డిగ్రీలు నమోదై దేశమంతా గగ్గోలు పుట్టింది. వాతావరణ శాఖ పరిశీలించి, సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని చెప్పింది. వాచీని సరిచూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. బొటనవేలి కింద, మణికట్టు లోపలివైపు మూడు వేళ్లు ఆనించి, 30 సెకన్లు నాడి లెక్కపెట్టి రెట్టింపు చేస్తే చాలు. లయ ఎగుడుదిగుడుగా తోస్తే నిమిషమంతా లెక్కపెట్టాలి.

ఏటా జరిగే ఢిల్లీ హాఫ్ మారథాన్‌కు తయారయ్యేవాళ్ల లాగా గుండె వేగాన్ని బట్టి సాధన చేసేవాళ్లకు ఛాతీ బెల్టే మేలు. ఫిన్లండ్‌కు చెందిన పోలార్ 1982 నుంచే ఇలాంటివి అమ్ముతోంది. అవి కాంతితో కాకుండా గుండె విద్యుత్ సంకేతంతో పనిచేస్తాయి. కట్టుకునే ముందు బెల్టును కాస్త తడిపితే సంకేతం బాగా అందుతుంది.

మిగతావాళ్లకు వాచీ ఇచ్చే విలువైన సమాచారం విశ్రాంతిలో ఉన్నప్పటి గుండె వేగమే. రోజూ నిద్ర లేవగానే, కదలకుండా, ఒకే సమయంలో చూసుకుంటే వారాల తరబడి మార్పు తెలుస్తుంది. పెద్దవాళ్లలో మామూలుగా అది 60 నుంచి 100 మధ్య ఉంటుంది. బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లలో వేగం తక్కువగానే ఉంటుంది కాబట్టి, అంకె చూసి సొంతంగా మందు మార్చకూడదు. ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, ఈ వాచీలు గుండెపోటును కనిపెట్టలేవు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వాచీ 72 చూపిస్తున్నా సరే, వెంటనే 112కు ఫోన్ చేయండి.