నానో ఫిల్టర్ ఉంటే చాలా?

చలికాలం వచ్చిందంటే ఓపీలో ఆస్తమా పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే మాట: ‘నానోఫైబర్ ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా డాక్టర్‌గారూ?’ కొనేముందు అదెలా పనిచేస్తుందో తెలుసుకోండి.

ఫిల్టర్ అనగానే టీ వడకట్టే జాలీ గుర్తొస్తుంది. గాలి ఫిల్టర్ తీరు వేరు. అది చిక్కుపడిన పోగుల పొర. పెద్ద ధూళి కణాలు గాలితోపాటు మలుపు తిరగలేక పోగుకు కొట్టుకుని అతుక్కుంటాయి. మరీ చిన్నవి అటూ ఇటూ తూలుతూ ఏదో ఒక పోగుకు తగులుకుంటాయి. మధ్యరకం, అంటే 0.3 మైక్రాన్ల దగ్గరివే గడుసువి. అందుకే అమెరికా ప్రమాణం ప్రకారం హెపా ఫిల్టర్ ఆ సైజు కణాల్లో 99.97 శాతం ఆపాలి.

మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. నానోఫైబర్ ఒక మైక్రాన్ కూడా ఉండదు. పోగు అంత సన్నమైతే కొద్దిపాటి పదార్థంతోనే బోలెడన్ని పోగులు వస్తాయి, కణాలు ఎక్కువగా చిక్కుతాయి. పైగా గాలి వాటి పక్కనుంచి తేలిగ్గా జారిపోతుంది కాబట్టి ఫ్యాన్‌కు శ్రమ తక్కువ. మాస్కులోనైతే ఊపిరి సులువు. మామూలు ఎన్95 మాస్కు చాలావరకు పోగుల మీది విద్యుదావేశంతో పనిచేస్తుంది. సబ్బునీళ్లు, స్పిరిట్ తగిలితే అది తగ్గిపోతుంది. నానోఫైబర్‌కు సన్నదనమే ప్రధాన బలం.

చిక్కు కూడా అక్కడే ఉంది. పొర పల్చన, ధూళి పైపైనే పేరుకుంటుంది. పొగ, దుమ్ము ఎక్కువున్న ఇంట్లో త్వరగా మూసుకుపోయి గాలి రావడం తగ్గుతుంది. బ్రష్‌తో రుద్దితే పొర చిరుగుతుంది. కాబట్టి మార్చే ఫిల్టర్ ధర కూడా ముందే అడగండి.

నన్నడిగితే ‘నానో’ కంటే ముందు చూడాల్సింది సీఏడీఆర్, అంటే గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందన్న లెక్క. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తున్న గదిలో సుమారు 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదుసార్లు శుభ్రం కావాలంటే 200 దాకా కావాలి. ఫిల్టర్ చుట్టూ సందు ఉంటే ఎంత సన్నని పోగైనా దండగే. గ్యాస్ స్టవ్ నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఇది ఆపలేదు. దానికి వంటింటి కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యానే దిక్కు. దోమల చుట్ట వెలిగించి పక్కనే ప్యూరిఫయర్ పెట్టే ఇళ్లూ లేకపోలేదు!

ఇంకొక్క మాట. ప్యూరిఫయర్ వచ్చింది కదా అని పిల్లల రోజువారీ ఇన్‌హేలర్ ఆపేయకండి. దగ్గు తగ్గినట్టనిపించినా డోసు తగ్గించాలా వద్దా అన్నది మీ డాక్టర్ చూసి చెబుతారు.