కారు రేడియో సంకేత సంఖ్య

కారు రేడియో సంకేత సంఖ్య అనగా దొంగతనాన్ని నిరోధించే నిమిత్తం కారులోని రేడియోకు తయారీదారులు కేటాయించే రహస్యమైన అంకెల వరుస. దీనిని వాడుకలో రేడియో కోడ్ అంటారు. సాధారణంగా ఇందులో నాలుగు లేదా ఐదు అంకెలుంటాయి. బ్యాటరీ నుండి రేడియోకు అందే విద్యుత్తు పూర్తిగా ఆగిపోయి మరల వచ్చినపుడు, ఈ సంఖ్యను సరిగా ఇచ్చిన తరువాతనే రేడియో పనిచేస్తుంది. అంతవరకు రేడియోకు తాళం పడినట్లే.

చరిత్ర

1930లో అమెరికాలోని గాల్విన్ సంస్థ మోటరోలా అనే పేరుతో విడుదల చేసిన కారు రేడియో వ్యాపారపరంగా విజయం సాధించిన తొలి కారు రేడియోలలో ఒకటి. 1932లో జర్మనీకి చెందిన బ్లావుపుంక్ట్ సంస్థ ఐరోపాలో తొలి కారు రేడియోను తయారుచేసింది. తరువాతి కాలంలో రేడియోతో పాటు క్యాసెట్ ప్లేయరు కూడా చేరి, ఇది ఖరీదైన వస్తువుగా మారింది. సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు గల ప్రామాణిక పరిమాణం వాడుకలోకి రావడంతో ఒక కారు రేడియోను మరొక కారులో తేలికగా అమర్చే వీలు కలిగింది. ఈ సౌకర్యమే దొంగలకు కూడా అనుకూలించింది. 1980వ దశకంలో న్యూయార్కు నగరంలో కారు యజమానులు "ఇందులో రేడియో లేదు" అనే కాగితాలను అద్దాలకు అంటించుకొనేవారు.

దీనికి విరుగుడుగా మూడు పద్ధతులు వచ్చాయి. మొదటిది, రేడియోను మొత్తంగా బయటకు లాగి వెంట తీసుకొని వెళ్ళడం. రెండవది, మీటలున్న ముందు పలకను మాత్రమే విడదీయడం. మూడవది సంకేత సంఖ్య.

పనిచేసే విధానం

కారు రేడియోకు ముఖ్యంగా రెండు మార్గాలలో 12 వోల్టుల విద్యుత్తు అందుతుంది. ఒకటి తాళంచెవి తిప్పినపుడు మాత్రమే వచ్చేది. రెండవది బ్యాటరీ నుండి ఎల్లపుడూ వచ్చేది. గడియారం సమయం, ఎంపిక చేసుకొన్న స్టేషన్లు ఈ రెండవ మార్గం వలన రేడియోకు గుర్తుంటాయి. ఇది తెగిపోతే, మరల విద్యుత్తు రాగానే రేడియో సంకేత సంఖ్యను అడుగుతుంది. రేడియోను దొంగిలించారా, లేక యజమానే బ్యాటరీ మార్చాడా అనే తేడా దానికి తెలియదు. అందువలన దొంగకు, యజమానికి ఒకే పరీక్ష ఎదురవుతుంది.

సంకేత సంఖ్య మాత్రం విద్యుత్తు లేకున్నా చెరగని స్మృతిలో నిలిచి ఉంటుంది. కనుక బ్యాటరీని గంటల తరబడి విడదీసి ఉంచితే తాళం దానంతట అదే పోతుందనేది అపోహ మాత్రమే.

నాలుగంకెల సంఖ్యలు 0000 నుండి 9999 వరకు మొత్తం 10,000 ఉంటాయి. ఒక్కొక్కదానిని ప్రయత్నించడానికి 10 సెకన్లు పడితే, అన్నింటినీ 28 గంటలలోపు చూడవచ్చు. దీనిని అడ్డుకోవడానికి తయారీదారులు వేచి ఉండే గడువును చేర్చారు. రెండు తప్పులకు ఒక గంట చొప్పున ఆగవలసి వస్తే, మొత్తం 5,000 గంటలు, అనగా సుమారు 208 రోజులు పడుతుంది. ఈ పద్ధతి బలమంతా సంఖ్యలో కాక ఈ గడువులోనే ఉన్నది.

తాళం పడే సందర్భాలు

* బ్యాటరీ మార్చినపుడు లేదా మరమ్మత్తు కోసం దాని తీగను విడదీసినపుడు
* బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినపుడు
* రేడియోకు సంబంధించిన ఫ్యూజు కాలిపోయినపుడు లేదా తీసినపుడు
* రేడియోను కారు నుండి బయటకు తీసినపుడు

ఇటువంటి సమయంలో రేడియో తెరపై "కోడ్" అని, ఫోక్స్‌వాగన్, స్కోడా వంటి కార్లలో "సేఫ్" అని ఆంగ్ల అక్షరాలలో కనిపిస్తుంది.

తాళం తీయు విధానం

ముందుగా సంకేత సంఖ్యను వెదకవలెను. ఇది సాధారణంగా కారుతో ఇచ్చే చిన్న కార్డుపై గాని, యజమాని పుస్తకంలో గాని ఉంటుంది. అక్కడ దొరకకపోతే రేడియో క్రమసంఖ్య అవసరమవుతుంది. ఇది రేడియో పెట్టెపై అంటించిన చీటీపై ఉంటుంది. అనేక హోండా కార్లలో 1, 6 మీటలను కలిపి నొక్కి ఉంచి రేడియోను వేస్తే ఈ సంఖ్య తెరపైనే కనిపిస్తుంది. క్రమసంఖ్యను, కారు యాజమాన్య పత్రాలను చూపితే అధీకృత విక్రేతలు సంకేత సంఖ్యను తెలుపుతారు.

సంఖ్యను ఇచ్చే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. హోండాలో అంకెల మీటలను వరుసగా నొక్కితే చాలును. అనేక ఫోక్స్‌వాగన్ రేడియోలలో ఒకటవ మీటను పలుమార్లు నొక్కి మొదటి అంకెను, రెండవ మీటతో రెండవ అంకెను, ఇదే విధంగా మిగిలినవాటిని తెచ్చుకొని, చివరగా నిర్ధారించవలసి ఉంటుంది. వీటిలో రెండుసార్లు తప్పితే సుమారు ఒక గంట రేడియోను వేసి ఉంచాలి. హోండాలో పది ప్రయత్నాల తరువాత ఒక గంట ఆగాలి. రేడియోను ఆపివేస్తే గడువు పూర్తికాదు కాబట్టి ఈ సమయంలో ఓపిక అవసరం.

లోపాలు

కొన్ని రేడియోలలో సంకేత సంఖ్యను క్రమసంఖ్య నుండి లెక్కకట్టవచ్చు. ఈ లెక్క బయటకు తెలిసిన తరువాత ఆయా రేడియోలకు రక్షణ తగ్గిపోయింది. మరొకవైపు, కార్డు లేకుండా పాత కారు కొన్నవారు తమ సొంత రేడియోనే వినలేని పరిస్థితి ఏర్పడుతుంది. ఈ ఇబ్బందిని తొలగించడానికి తరువాతి కార్లలో రేడియో తానున్న కారును దాని గుర్తింపు సంఖ్య ద్వారా పోల్చుకొనే ఏర్పాటు చేశారు. అదే కారులో ఉన్నంతవరకు అది సంఖ్యను అడగదు.

జాగ్రత్తలు

బ్యాటరీ తీయక ముందే సంకేత సంఖ్య అందుబాటులో ఉన్నదో లేదో చూసుకోవాలి. పాత కారు కొనేటపుడు రిజిస్ట్రేషను పత్రంతో పాటు రేడియో కార్డును కూడా అడిగి తీసుకోవడం మంచిది. ఆ కార్డును కారులోనే ఉంచితే రేడియోతో పాటు అదికూడా దొంగ చేతికి చేరుతుంది. కనుక దానిని ఇంట్లో భద్రపరచాలి.

ఇవి కూడా చూడండి

* రేడియో
* మోటారు కారు
* బ్యాటరీ