ఆకాశంలో గంట

సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళిలో మా బంధువుల ఇంటి అరుగుమీద ఈ మధ్య ఒక ముచ్చట జరిగింది. ఇంటి పెద్దాయన భార్యకు సుస్తీగా ఉన్నది. కూతురు హైదరాబాదులో ఉంటుంది. "కబురు చేస్తే మీ అత్త ఎంతసేపట్లో వస్తుందిరా?" అని ఆయన మనుమణ్ణి అడిగారు. వాడు సెల్‌ఫోను చూచి, "విమానంలో గంటే, తాతా!" అన్నాడు.

ఆ గంట సంగతి కొంచెం విచారిద్దాం.

ఈ సీమకు రెండు చిన్న విమానాశ్రయాలు అందుబాటులో ఉన్నవని చెప్పుకోవచ్చును. ఒకటి బళ్ళారికి ముప్పై కిలోమీటర్ల ఆవల, తోరణగల్లు ఉక్కు కర్మాగారం వారి విద్యానగరం. రెండవది కర్నూలు దాటిన తరువాత ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినది. విద్యానగరం నుండి 2017లో ఉడాన్ పథకం క్రింద హైదరాబాదుకు విమానాలు మొదలైనవి. ఓర్వకల్లు నుండి 2021 మార్చి 28న బెంగుళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు లేచినవి.

ఈ రెంటి నడుమ సూటిగా గీత గీస్తే రమారమి 175 కిలోమీటర్లు, మన పాత లెక్కన 109 మైళ్ళు. ఇటువంటి చోట్ల దిగే పంకాల విమానం గంటకు 500 కిలోమీటర్లు పోగలదు. కాగితం మీద ఇరవైయొక్క నిమిషాల ప్రయాణం! కాని గీత ఉన్నంత మాత్రాన విమానం ఉండదు కదా. బెంగుళూరు చుట్టి పోవాలంటే ఆ దూరమే 530 కిలోమీటర్లగును. (గీతల సంగతి మనకు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినవి, సిరుగుప్ప మైసూరులో చేరినది. వియ్యాలు మాత్రం ఆగలేదు.)

ఇక హైదరాబాదు నుండి విద్యానగరానికి సూటిగా 300 కిలోమీటర్లు. వేగం లెక్కన ముప్పైయారు నిమిషాలు చాలును. అయితే విమానం నేలమీద మెల్లగా దొర్లాలి, పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించాలి, మళ్ళీ దొర్లి నిలవాలి. చిన్న ప్రయాణంలో ఈ ఎక్కుదిగుళ్ళకే సగం కాలం పోతుంది. అందుకే ఆ గంట.

ఆ గంటకు ముందు ఇంటి నుండి శంషాబాదు చేరడం, అక్కడ తనిఖీలు, నిరీక్షణ కలిపి రెండున్నర గంటలు. దిగిన తరువాత బళ్ళారి, అక్కడి నుండి సిరుగుప్పకు 55 కిలోమీటర్లు, ఆపైన మన ఊరి దారి. ఇది మరి రెండున్నర గంటలు. మొత్తం ఆరు. అదీ ఆ రోజు విమానం ఉంటే! ఆ మార్గంలో మొదట నడిపిన ట్రూజెట్ సంస్థ 2022లో నిలిచిపోయినది. తరువాత ఇతరులు వచ్చారు కాని, ఇటువంటి మార్గాల్లో వేళలు తరచు మారుతుంటవి.

బస్సైతే కర్నూలు మీదుగా ఆదోనికి మూడువందల పైచిలుకు కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం.

పెద్దాయన ఇదంతా విని కాసేపు ఊరుకున్నారు. లోపల నుండి దగ్గు వినిపించింది. ఫోను తీసుకొని, "అమ్మాయీ, రాత్రి బస్సెక్కి ఆదోనిలో దిగు. తమ్ముడు మోటారు సైకిలు వేసుకొని స్టాండులో ఉంటాడు" అన్నారు.

మరునాడు తల్లికి కాఫీ పెట్టే వేళకు ఆమె గుమ్మంలో ఉన్నది.