మిరపకాయకు మహిమ ఉన్నదా?

పొలం గట్ల మీద, పెళ్ళి పెట్టుపోతల మీద మా ఇంట్లో తగవులు జరగకపోలేదు. కాని ఒక నవల పట్టుకొని నలుగురు పెద్దవాళ్ళు రెండు రోజులు మొహాలు ముడుచుకొని కూర్చోవడం మొన్న మిరప కళ్ళాలప్పుడే చూశాను. ఆ నవలను ఇంట్లోకి తెచ్చిన పాపం నాదే గనుక, జరిగినది పాఠకులకు విన్నవించుకొంటున్నాను.

నవల పేరు ‘ది మిస్ట్రెస్ ఆఫ్ స్పైసెస్’. వ్రాసినవారు చిత్రా బెనర్జీ దివాకరుణి గారు. 1956లో కలకత్తాలో పుట్టి, 1976లో చదువు కోసం అమెరికా వెళ్ళి, అక్కడే స్థిరపడిన రచయిత్రి. పుస్తకం 1997లో వెలువడింది. కాలిఫోర్నియాలో ఓక్లాండ్ అనే పట్టణం. అక్కడ తిలో అనే ముసలామె మనవాళ్ళ కోసం పచారీ కొట్టు నడుపుతూ ఉంటుంది. పసుపు, మెంతులు, ఇంగువ, అల్లం, మిరియాలు – ఏ దినుసుకు ఏ శక్తి ఉన్నదో ఆమెకు తెలుసు. అవి ఆమెతో మాట్లాడతాయి కూడాను. నిజానికి ఆమె ముసలిది కాదు. ఒక మాయదీవిలో విద్య నేర్చి, ఆ రూపంతో వచ్చినది. కొట్టుకు వచ్చినవాళ్ళ బాధ అడగకుండానే కనిపెట్టి తగిన దినుసు పొట్లం కట్టి ఇస్తుంది. కాని ఆమె కొట్టు గడప దాటరాదు, వచ్చినవారిని తాకరాదు, తన సుఖానికి ఆ శక్తిని వాడుకోరాదు. ఇంతలో ఒక అమెరికా యువకుడు కొట్లో అడుగు పెడతాడు. తర్వాత సంగతి చెప్పి రసభంగం చేయను.

మా అన్నయ్య సేద్యం పర్చూరు ప్రాంతంలో. (మా ఊరు ఉన్నచోటనే ఉండి మూడు జిల్లాలు తిరిగింది. 1970కి ముందు గుంటూరు, ఆ తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. కాలు కదపకుండా వలస పోవడమంటే ఇదే కాబోలు.) నల్లరేగడి నేల, పత్తి, మిరప తప్ప మాకు మూడో దేవుడు లేడు. వదినకు ఇంగ్లీషు రాదు. కళ్ళంలో తాలుకాయలు ఏరుతూ, “ఏమిటమ్మాయీ అంత దీక్షగా చదువుతున్నావు, కాస్త పైకి చెప్పరాదూ?” అన్నది. రోజుకు ఇంత చొప్పున, వారపత్రికలో సీరియల్ మాదిరి చెప్పడం మొదలుపెట్టాను. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కూడా చెవులు ఒగ్గారు.

మొదటి అభ్యంతరం అన్నయ్య దగ్గరనుంచే వచ్చింది. “ఆ దీవిలో మిరప నారు ఎవరు పోశారమ్మా?”

అందరం నవ్వాము. ఆయన నవ్వలేదు.

నవలలో దినుసులన్నిటిలోకి ఉగ్రమైనది ఎర్ర మిరపకాయ. బెంగాలీలో దానిని లంక అంటారు. ఆ పేరు వినగానే రావణుడి లంకా, దాని మంటా మనకు గుర్తురాకపోవు. అంత వైభవం ఇచ్చిన పుస్తకంలో మిరప చేను కనబడదే అని అన్నయ్య బాధ. నారు పోసినవాడు లేడు, మందు కొట్టినవాడు లేడు, కోత కూలీ లేదు, గుంటూరు యార్డులో టిక్కీలు దించి ధర కోసం పడిగాపులు పడినవాడు అసలే లేడు. 1987లో తెల్లదోమ పత్తిని పట్టినప్పుడు మా వైపు రైతులు ప్రాణాలు తీసుకొన్న సంగతి ఆయన కళ్ళతో చూసినది. 2021లో ఎక్కడి నుంచో వచ్చిన నల్ల తామరపురుగు మిరప పూతలో దూరి కాపును కాజేసినప్పుడు, పచ్చని చేలను దున్నివేసినవారున్నారు. “దానికి మహిమే ఉంటే ఆ పురుగును ఆపేది కాదూ?” అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పక్కన తొడిమలు తీస్తున్న ఒకామె చేతులు చూపించింది. వేళ్ళు ఎర్రగా కంది ఉన్నాయి. మిరప ఘాటు గింజలో ఉన్నదనుకొంటాం గాని, గింజలను పట్టుకొని ఉండే తెల్లని పొరలో ఉంటుంది. అది నీళ్ళకు లొంగదు. నూనెకో వెన్నకో లొంగుతుంది. అందుకే ఆ ఆడవాళ్ళు సాయంత్రం కడుక్కోబోయే ముందు చేతులకు నూనె రాసుకొంటారు. ఏ మాయదీవిలోనూ నేర్చుకోలేదు.

ఉక్రోషం కొద్దీ నేనూ ఒక మాట అనేశాను. “అన్నయ్యా, మిరపకాయ అసలు మన దేశానిది కాదు. అమెరికా ఖండాల నుంచి పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. అంతకు ముందు మన కారమంతా మిరియాలదే. ఎవరో తెచ్చి పోసిన నారు కనుక, నవల కూడా ఒక వలస కథ చెప్పుకొంటే తప్పేమిటి?” అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. “అయితే పుట్టింటికి తిరిగి వెళ్ళిందన్నమాట,” అని లేచి వెళ్ళాడు. సగం ఒప్పుకొన్నట్లే.

రెండో తగవు బావగారిది. ఆయన ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవారు. పుస్తకం అందుకొని ముప్ఫై పేజీలు తిరగవేసి, “ఇది తెల్లవాళ్ళ ముక్కుకు పట్టే అగరుధూపం. భారతదేశమంటే మంత్రాలూ మసాలాలూ అని వాళ్ళు అనుకొన్నదాన్నే అందమైన డబ్బాలో పెట్టి అమ్మారు,” అని తీర్పు చెప్పారు. ఈ విమర్శ ఆయన సొంతం కాదు. పుస్తకం వచ్చిన నాటి నుంచీ వినబడుతున్నదే. వాక్యాలు కవిత్వంలా ఉన్నాయని మురిసిపోయేవారు ఒకవైపు, పంచదార ఎక్కువైందనేవారు మరొకవైపు. నాకూ కొన్నిచోట్ల తీపి మొహంమొత్తింది. 2005లో ఐశ్వర్యా రాయ్‌తో తీసిన చలనచిత్రం చూసి నవలను కొలవవద్దని మాత్రం మనవి. అందులో రంగులు మిగిలాయి, రుచి పోయింది.

బావగారి వాదం వింటూనే వదిన లోపలికి వెళ్ళి గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చింది. కారణం, కాలిఫోర్నియాలో ఉన్న మా మేనకోడలు పోయిన ఏడు వచ్చినప్పుడు ఆ పిల్లకు దిష్టి తీసి నిప్పుల్లో వేయించినది సాక్షాత్తూ ఈ బావగారే. ఆనాడు ఘాటు రాలేదు. “ఎంత దిష్టి ఉంటే గాని ఇంత మిరప కమ్మగా కాలుతుందీ!” అని ఆశ్చర్యపోయినదీ ఆయనే. “మన పొయ్యిలో మహిమ, వాళ్ళ కొట్లో బూటకమూనా అన్నయ్యగారూ?” అని వదిన అడిగేసరికి బావగారు కళ్ళజోడు తుడుచుకోవడంలో నిమగ్నులైపోయారు.

ఇంతవరకూ సరదాగానే నడిచింది. చిక్కు లలిత కథతో వచ్చింది.

కొట్టుకు వచ్చేవాళ్ళలో బడిలో తోటిపిల్లల చేత దెబ్బలు తినే సిక్కు కుర్రవాడున్నాడు, టాక్సీ నడిపే కాశ్మీరీ యువకుడున్నాడు, మనవరాలి ప్రేమ గిట్టని తాత ఉన్నాడు. లలిత కుట్టుపనిలో నేర్పరి. భర్త కొడతాడు. చెప్పుకోదు. తిలో ఆమె ఒంటి మీద దెబ్బలను చీర చాటునుంచే కనిపెడుతుంది. అక్కడికి వచ్చేసరికి వదిన చేతిలో కాయ ఆగిపోయింది. “ఆ పిల్ల కన్నవాళ్ళకు చెప్పుకోలేదా?” అన్నది. నేను నోరు తెరిచేలోగా తొడిమలు తీసే ఆవిడే అందుకొన్నది: “చెప్తే ఏమంటారమ్మా? సర్దుకోమంటారు.”

వదిన లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర, “అమెరికాలో పిల్లలున్న ఇంట్లో ఇటువంటి కథలు చెప్పవచ్చునా? అంతా కల్పన. మన పిల్లలు అక్కడ రాణుల్లా ఉన్నారు,” అని నా మీద విరుచుకుపడింది. కల్పన కాదని చెప్పవలసివచ్చింది. 1991లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో, ఇళ్ళలో హింసపడే దక్షిణాసియా స్త్రీలకు సహాయంగా ‘మైత్రి’ అనే సంస్థ వెలసింది. దానిని స్థాపించినవారిలో దివాకరుణి గారు ఒకరు. టెలిఫోనులో అటువంటి ఆడవాళ్ళ మాటలు విన్నవారి చేతినుంచి వచ్చింది లలిత. మంత్రం తీసివేసినా ఆ పిల్ల నిలుస్తుంది. నవలలో నాకు అన్నిటికంటె నమ్మదగినది ఆ భాగమే, ప్రేమకథ కాదు. (ప్రేమకథ మీద వదిన అభిప్రాయం క్లుప్తమైనది: “అంత విద్య నేర్చి, చివరకు వాడి కోసమా!”)

రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు. మూడో రోజు మేనకోడలు ఫోను చేసింది. పుస్తకం తానూ చదివిందట. వదిన చెవి ఒగ్గి ఉన్నదని తెలిసే అడిగాను, ఎట్లా ఉన్నదని.

“అత్తయ్యా, దినుసులు మాట్లాడతాయంటే నాకు నవ్వొచ్చింది. కాని ఆవిడ అడగకుండానే తెలుసుకొంటుంది చూడు, అక్కడ ఏడ్చాను. కిందటేడు నాకు ఉద్యోగం పోయి నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను. అమ్మ ఫోనులో ‘కారం అయిపోయిందా, పంపనా?’ అని అడిగేది. ‘పంపు’ అనేదాన్ని. ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పుడు ఇండియన్ కొట్టుకు వెళ్ళి, ఏమీ కొనకుండా తిరిగి వచ్చేదాన్ని.”

వదిన నా చేతిలోంచి ఫోను తీసికొని వసారాలోకి వెళ్ళింది. గంట దాటింది. ఏం మాట్లాడుకొన్నారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తిరిగి వచ్చి, “ఆ లలిత చివరకు ఏమయిందో చెప్పు,” అన్నది. తిలో సహాయంతో ఆ ఇల్లు వదిలి ఆశ్రయం దొరికే చోటికి చేరుకొంటుందని చెప్పాను. “కుట్టుపని సాగిస్తుందా?” అని అడిగింది. సాగించాలనే ఆమె ఆశ అన్నాను.

అన్నయ్య మాత్రం పట్టు విడవలేదు. మిరప చేను లేని మిరప కథ తనకు అక్కరలేదని ఇప్పటికీ అంటాడు. ఆ మాటా నిజమే. ఎవరైనా మన పర్చూరు కళ్ళం నుంచి ఓక్లాండ్ కొట్టు దాకా ఆ కాయ వెంట నడిచి నవల వ్రాస్తే ముందుగా కొనేది ఆయనే.

ఇక ముప్ఫై పేజీలకే తీర్పు చెప్పిన బావగారు పుస్తకాన్ని గుంటూరు పట్టుకుపోయారు. నెల దాటింది. రెండుసార్లు కబురు పెట్టాను, ఇంకా పూర్తికాలేదట.