కుంగిన జీపును ఇంటి వద్దనే లేపవచ్చునా?

పల్లెలో ఒక కుటుంబానికి పాత జీపు ఉన్నదంటే అది ఆ ఇంటివారికే కాదు, ఊరందరికీ బండియే. సంతకు, పెండ్లికి, ఆదివారం ఆరాధనకు, అర్ధరాత్రి పురుటి నొప్పులు వచ్చిన తల్లిని ఆసుపత్రికి చేర్చడానికి అదే దిక్కు. పాడేరు, చింతపల్లి, అరకు కొండ దారులలో పాత మహీంద్రా జీపులను మనము ఎరుగుదుము. ఎంఎం 540, కమాండర్ వంటి ఈ బండ్లకు ముందు వెనుక కమాను పట్టీలే ఉంటాయి. ఏండ్ల తరబడి బరువు మోసి ఆ పట్టీలు చదును పడతాయి. బండి కుంగుతుంది. గుంతలో పడినప్పుడు ఇరుసు వెళ్లి ఛాసిస్‌కు కొట్టుకుంటుంది.

అప్పుడు ఇంటిలోని యువకులు, “బండిని కాస్త ఎత్తు చేద్దాము” అంటారు. పట్టణాలలో ఎత్తు లేపిన జీపులను చూచి, అట్టిదే తమకును కావాలని కోరువారు కూడ ఉన్నారు. సస్పెన్షన్ లిఫ్ట్ అనే ఈ పనిని ఇంటి ముంగిట చేయవచ్చును. అయితే దేనిని లేపుచున్నామో, ఎంత లేపుచున్నామో, బండి క్రిందికి దూరినప్పుడు అది దేని మీద నిలిచి ఉన్నదో ముందుగా తెలిసికొనవలెను. ఈ మూడవ సంగతి ప్రాణముతో కూడినది.

లేచేది ఏది? లేవనిది ఏది?

కమానులను ఎత్తు చేసిన యెడల ఛాసిస్, బాడీ, ఇంజను పైకి లేస్తాయి. ఇరుసు మాత్రం లేవదు. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ హౌసింగు నేలకు ఎంత ఎత్తున ఉన్నదో అంతే ఎత్తున ఉంటుంది. అది చక్రముల మీద ఆధారపడినది గనుక, పెద్ద టైర్లు వేస్తేనే లేస్తుంది. గాడి పడిన బండ్ల దారిలో మధ్య గట్టుకు తగిలేది చాలవరకు ఈ హౌసింగే. గనుక ఎంతో ఖర్చుపెట్టి కమానులు లేపినను ఆ రాయి మరల తగులుతూనే ఉంటుంది. లిఫ్ట్ వలన వచ్చే నిజమైన లాభము వేరు. ఇరుసు పైకి క్రిందికి ఆడడానికి చోటు దొరుకుతుంది, బండి పొట్ట నేలకు తగలదు.

ముందు కొలవండి

బండిని ఖాళీగా, చదునైన సిమెంటు నేల మీద నిలిపి, నాలుగు చక్రముల వద్ద ఇరుసు నుండి ఛాసిస్ వరకు టేపుతో కొలిచి వ్రాసికొనండి. కుడి ఎడమల మధ్య తేడా ఉన్నదా? కమాను వంపు తిరిగి ఉన్నదా, బల్లపరుపుగా ఉన్నదా? ప్రతి పట్టీని గుడ్డతో తుడిచి చూడండి. సెంటర్ బోల్టు దగ్గరను, మాస్టర్ పట్టీ చెవుల దగ్గరను పగుళ్లు పట్టడం తరచుగా జరుగుతుంది. బుష్షులు అరిగినవా, షాకిల్ బోల్టులు వదులయినవా అనికూడ చూడండి.

ఇట్లు కొలిచినప్పుడు అనేక పాత జీపులకు కావలసినది కొత్త ఎత్తు కాదని, పోయిన ఎత్తు మాత్రమేనని తేలుతుంది. కంపెనీ కొలతల ప్రకారం కొత్త కమాను కట్టలు, కొత్త బుష్షులు, కొత్త షాకప్పులు వేస్తే పాత జీపుకు చాలవరకు అదే లిఫ్ట్.

ఎత్తు పెంచే మార్గములు

పొడవైన షాకిళ్లు వేయుట అన్నిటికంటె చౌక. అయితే షాకిల్‌ను 2 అంగుళములు పెంచితే బండి లేచేది దాదాపు 1 అంగుళమే, ఎందుకనగా కమానుకు ఒక కొనయే లేస్తుంది. పైగా ఇరుసు కొంచెము తిరుగుతుంది. ముందు ఇరుసుకు ఉండవలసిన క్యాస్టర్ కోణము మారి, స్టీరింగ్ అటూ ఇటూ తేలుతుంది.

అదనపు పట్టీ వేయుట రెండవది. బరువు మోయు బండికి ఇది పనికి వస్తుంది గాని, ఖాళీగా నడిపినప్పుడు బండి బిర్రుగా ఎగురుతుంది.

పాత పట్టీలకు మరల వంపు తీయించుట మూడవది. ఇది కమాను పని తెలిసిన షాపులోనే జరగవలెను. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచితే ఉక్కుకు ఉన్న పదును పోతుంది. అట్టి పట్టీ కొన్ని నెలలలోనే చదును పడుతుంది, లేదా విరుగుతుంది.

కమాను ఇరుసు క్రింద ఉండు జీపులలో దానిని ఇరుసు మీదికి మార్చుట నాలుగవది. ఎక్కువ ఎత్తు వస్తుంది గాని హౌసింగు మీద వెల్డింగు, స్టీరింగ్ మార్పులు అవసరమవుతాయి. ఇది ఇంటి ముంగిట చేయవలసిన పని కాదు.

ఎత్తు పెరిగితే ఏమగును?

పాత జీపులో కుడి ఎడమ చక్రముల మధ్య దూరము సుమారు 48 అంగుళములే. లెక్క కొరకు బండి బరువు కేంద్రము నేలకు 24 అంగుళముల ఎత్తున ఉన్నదనుకొనండి. నిలిచి ఉన్న బండి ప్రక్కకు 45 డిగ్రీలు ఒరిగే వరకు పడదు. ఆ కేంద్రము 26 అంగుళములకు పోతే 43 డిగ్రీలకే పడుతుంది. టాపు మీద మనుషులు, మూటలు ఎక్కి అది 32 అంగుళములకు పోతే 37 డిగ్రీలకే పడుతుంది. కమానులు, టైర్లు ఒక ప్రక్కకు అణగడం వలనను, మలుపులోని వేగము వలనను అసలు దారిలో ఇంకను త్వరగా పడుతుంది. ఘాటు మలుపులో టాపు మీద జనమును ఎక్కించుకొను జీపును ఎత్తు లేపకూడదు.

చట్టము మాట

1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీ ఇచ్చిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు చట్ట సవరణ, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధించునట్లు నిర్ణయించినది. ప్రమాదము జరిగితే బీమా కంపెనీ కూడ దీనిని ఎత్తి చూపవచ్చును. సొంత బండికి 15 ఏండ్లు దాటిన తరువాత రిజిస్ట్రేషన్ పొడిగింపునకు దానిని తనిఖీకి చూపవలసి ఉంటుంది గదా! కంపెనీ ఎత్తుకు తెచ్చుటలో ఈ చిక్కులేవియు లేవు. అంతకు మించి మార్చదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను.

పని చేసే విధము

జాకీ బండిని లేపడానికే గాని నిలిపి ఉంచడానికి కాదు. దానిలోని ఒక చిన్న సీలు పోయిన యెడల ఆయిల్ కారి బండి క్రిందికి దిగిపోతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఒక్కసారిగా పగిలిపోతాయి. గనుక ఛాసిస్ క్రింద రెండు ఇనుప స్టాండులు తప్పక ఉండవలెను. లేకపోతే అద్దెకు తీసికొనండి, అదియు దొరకకపోతే బండిని షాపుకు పంపండి. నేలమీద ఉండే చక్రములకు ముందు వెనుక చెక్క అడ్డులు పెట్టండి. ఊడదీసిన టైర్లను ఛాసిస్ క్రిందికి తోసి ఉంచండి. ఒంటరిగా పని చేయవద్దు, పిల్లలను దగ్గరకు రానీయవద్దు. బండి క్రిందికి దూరే ముందు దానిని చేతులతో గట్టిగా ఊపి చూడండి.

ముందు రాత్రియే తుప్పు పట్టిన నట్టులకు డీజిలు గాని తుప్పు వదలగొట్టే నూనె గాని వేసి ఉంచండి. స్టాండులు ఛాసిస్ క్రింద పెట్టి, ఇరుసు క్రింద జాకీ ఉంచి, ఒక్కొక్క ప్రక్కన మాత్రమే విప్పండి. రెండు ప్రక్కలు ఒకేసారి విప్పితే ఇరుసు జరిగి మరల కుదురుటకు కష్టమవుతుంది. షాకప్పు, యూ బోల్టులు, షాకిల్, చివరకు కమాను కట్ట అను వరుసలో తీయండి. కొత్త కట్టను ఎక్కించునప్పుడు సెంటర్ బోల్టు తల దాని రంధ్రములో సరిగా కూర్చున్నదా అని చూడండి. పాత యూ బోల్టులు సాగి ఉంటాయి గనుక వాటిని మరల వాడక కొత్తవి వేయండి. నాలుగు నట్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగించండి. రబ్బరు బుష్షులు ఉన్న బండికి షాకిల్ బోల్టులను బండి బరువు చక్రముల మీదికి దిగిన తరువాతనే పూర్తిగా బిగించవలెను. లేనియెడల రబ్బరు మెలిపడి త్వరగా పాడవుతుంది.

చివరిగా చూడవలసినవి

చక్రము క్రిందికి పూర్తిగా వ్రేలాడినప్పుడు బ్రేకు పైపు బిగుసుకొనుచున్నదా? బిగుసుకొంటే పొడవైనది వేసే వరకు బండి కదలరాదు. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు మరీ వంగినదా? స్టీరింగ్‌ను రెండు వైపుల చివరి వరకు త్రిప్పినప్పుడు టైరు ఎక్కడనైన తగులుచున్నదా? హెడ్‌లైట్లు ఎదుటివారి కండ్లలో పడకుండ మరల దించి అమర్చండి. మొదట ఖాళీ బండిని ఊరి దారిలో మెల్లగా నడిపి, బ్రేకు వేసి చూచి, నూరు కిలోమీటర్ల తరువాత యూ బోల్టులన్నిటిని మరల బిగించండి.

ఈ పని అంతయు పద్ధతిగా చేస్తే ఇద్దరికి ఒకటి రెండు దినములు పడుతుంది. స్టాండులకు అయ్యే ఖర్చు చూచి వెనుకాడే తండ్రులకు మేము చెప్పునది ఒకటే. మీ కుమారుడు ఆ జీపు క్రింద వెల్లకిల పరుండినప్పుడు దాదాపు వెయ్యి కిలోల ఇనుము అతని రొమ్ము మీద ఉంటుంది. ముందు స్టాండులు కొనండి, తరువాత కమానులు కొనండి.